పడవ వెళ్ళిన మంగళవారం

నాన్నకి నమస్కారాలు. ఇక్కడ మేమంతా కులాసా. అక్క చేత రాయించిన ఉత్తరం అందింది. ఆపరేషన్ అయిన కన్ను నలుపుకుంటున్నావని కింద తన ఫిర్యాదు కూడా రాసింది. అడిగేవాళ్ళు లేరనుకోకు, వచ్చి చేతులు కట్టేస్తాను! బాబాయి నీ పడవని బాగానే చూసుకుంటున్నాడు. ఇంజను మాత్రం నీలాగే, పొద్దున్నే గొణుగుడు.

కరెంటు సంగతి అడిగావు. నీళ్ళ అడుగున మా టర్బైన్ చక్కగా తిరుగుతోంది. ఎండ లేకపోయినా, గాలి పడిపోయినా ఆటుపోట్లు ఆగవుగా. ఆస్పత్రి వెనక డీజిల్ జనరేటర్ ఆపేసి నెలయింది, పొగ లేదని నర్సు ఇప్పుడు కిటికీలు తెరిచే ఉంచుతోంది. ఇంకో పది టర్బైన్లు దించాలా వద్దా అని రేపు సభ. మొదటిదానికి పడవలవాళ్ళు సంతకాలు పెట్టింది నీ మాట మీదే. "కాపలా ఉండేది నా కూతురు, ఒక్క జీవానికీ దెబ్బ తగలదు" అన్నావు. అది తలుచుకుంటే అన్నం సహించడం లేదు.

తల్లి డాల్ఫినూ పిల్లా పడవ వెనకే వస్తున్నాయా అని కూడా అడిగావు. ఆ జవాబు ఫోన్‌లో చెబుదామని రెండుసార్లు చేశాను. నీ గొంతు వినగానే మందులు వేసుకున్నావా అని అడిగి పెట్టేశాను.

నీళ్ళలో చప్పుళ్ళు వినే మైకు ఒకటుంది. ఏదైనా దగ్గరికొస్తే అలారం మోగుతుంది, నేను టర్బైన్ ఆపాలి. మన పడవ పోయినప్పుడల్లా ఒకటే మోత. రోజుకి ఆరుసార్లు ఆపి, ఆఫీసరు చేత తిట్లు తిని, విసుగొచ్చి, మన పడవ ఇంజను చప్పుడు వినిపిస్తే అలారం మోగకుండా కంప్యూటర్‌లో మార్చేశాను. మన పడవే కదా అనుకున్నాను. వల దులిపినప్పుడు పడే చేపల కోసం అవి మన వెనకే వస్తాయని నాకు తెలియదా నాన్నా? చిన్నప్పటి నుంచీ తెలుసు! నా బుద్ధి గడ్డి తింది.

మంగళవారం బాబాయి పడవ వెళ్ళింది. అలారం మోగలేదు. తర్వాత టర్బైన్ దగ్గరి కెమెరాలో చూశాను. టర్బైన్ రెక్క పిల్లకి తగిలింది. చచ్చిపోయిన పిల్లని తల్లి ముక్కుతో పైకి నెడుతూనే ఉంది.

ఆ మార్పు వెంటనే తీసేశాను. కానీ రిపోర్టులో "ప్రమాదాలు లేవు" అని నా చేత్తోనే రాసి, ఐదు రోజులు నోరు మూసుకున్నాను. నిజం చెబితే ఉన్న టర్బైనూ తీసేస్తారేమో, ఆస్పత్రికి మళ్ళీ ఆ పొగేనేమో. చెప్పకపోతే ఇంకో పది చోట్ల, నాలాంటి ఇంకో పదిమంది విసుగు. నా ఉద్యోగం పోతే పోనీ.

రేపు ఆ వీడియో సభలో వేస్తాను. ఈ ఉత్తరం నీకు చేరేలోపే పడవలవాళ్ళు ఫోన్ చేసి నిన్ను నానా మాటలూ అంటారు. నా కూతురు అలాంటిది కాదని వాళ్ళతో వాదనకి దిగుతావు, నాకు తెలుసు. ఈ ఒక్కసారికీ నన్ను వెనకేసుకు రాకు నాన్నా.

ఇట్లు,
నీ చిన్నమ్మాయి