కాలు ఆనిన చోట

ఒలెగేర్,

పిల్ల మోటారు బండి మీంచి పడిందని ఫోనులో అన్నావు. పడలేదు. బహుమతులిచ్చే వేళకు వచ్చి ఏడుపొక్కటే చూసినవాడివి, నీకెలా తెలుస్తుంది? రాళ్ల మీద ఎక్కేటప్పుడు కెరాల్ ఎడమ కాలు నేలకు ఆనించింది. ఈ పందెంలో వేగంతో పని లేదు, కాలు ఆనితే తప్పు. అక్కడ తప్పులు లెక్కపెట్టే పని నాది కాబట్టి ఒకటి వేశాను.

"సొంత మనవరాలికి కూడానా, పెద్దమ్మా!" అన్నాడు రొట్టెల కొట్టు సెల్దోని.

"సొంతదైతే కాలు గాల్లో ఉందని రాయమంటావా?" అన్నాను.

అయినా రెండో స్థానం వచ్చింది. మరి ఎందుకేడ్చిందో నాకు అంతుపట్టలేదు. నీకు మాత్రం వెంటనే అర్థమైపోయి, అది నడిపిన బండిని, నీ చిన్నప్పటి మోంతేసాని, ఎవడో పాత బండ్లు పోగుచేసేవాడికి అమ్మేస్తానన్నావు.

నిన్న చిక్కుడు గింజలు ఒలుస్తూ తనే చెప్పింది.

"నాన్నమ్మా, కుడి కాలు కూడా పెట్టాను. బండ అడ్డమొచ్చి నీకు కనబడలేదు."

"అప్పుడే చెప్పొచ్చుగా?"

"చెబుదామనుకున్నా. నాన్న చప్పట్లు కొడుతున్నాడు."

ఇప్పుడు బండి అమ్మితే, నిజం చెప్పినందుకే పోయిందనుకుంటుంది. దాన్ని అమ్మొద్దు.

ఆ తప్పు కూడా కలిపితే రెండో స్థానం సెల్దోని కూతురిది. నీ కారు అద్దానికి తగిలించుకున్న పతకం శనివారం వచ్చేటప్పుడు తీసుకురా. కెరాల్ తనే వెళ్లి ఇస్తానంటోంది. కొట్టు మధ్యాహ్నం మూసేస్తారు, పొద్దున్నే బయలుదేరు. దారిలో ఆ బండికి సరిపోయే స్పార్క్ ప్లగ్గు కూడా కొను. పాతది పట్టుకెళ్లి చూపించడానికి నీ దగ్గర లేదు కాబట్టి, బండి పేరు చెప్పి అడుగు.

అమ్మ