దొరగారు చెయ్యి చాపాడు

బాబాయ్‌కి,

నిన్న ఫోన్లో "మన దొరగారు ఎలా ఉన్నాడే?" అని నువ్వు అడగ్గానే పెట్టేశాను. నువ్వు పాలసీసా పట్టి పెంచిన ఎలుగుబంటి ఇక లేడు. పొట్టలో కణితి ముదిరిపోయింది, ఇంకా ఉంచితే వాడికి నరకమేనన్నారు డాక్టరుగారు.

నువ్వు జూ నుంచి రిటైరయ్యాక, భయం లేకుండా సూది వేయించుకోవడం వాడికి నేర్పాను కదా. మొదట్లో ఊచల దాకా వస్తే చాలు, చెంచాడు తేనె పెట్టేదాన్ని. తర్వాత పంజా ఊచ మీద ఆనిస్తేనే తేనె. పోనుపోను చెయ్యి బయటికి చాపి, సూది గుచ్చినా కదలకుండా ఉండేవాడు. బెదిరి వెనక్కి పోతే కసిరేదాన్ని కాదు, మళ్లీ మొదటికి వచ్చేదాన్ని. ఒకసారి జూకి వచ్చి అది చూసి "మేం వల వేసి, నలుగురం మీదపడి పొడిచేవాళ్లమే తల్లీ" అని నువ్వు కళ్లు తుడుచుకున్నావు.

మొన్న డాక్టరుగారు మత్తు తుపాకీ తీయబోతే, "వద్దండీ, నేను పిలిస్తే వస్తాడు" అన్నాను. లేవలేక పడి ఉన్నవాడు నా గొంతు విని, గోడకు ఆనుకుంటూ వచ్చాడు. తనంతట తానే చెయ్యి చాపాడు. సూది దిగుతున్నా నా ముఖంలోకే చూశాడు. తేనె నోట్లో పెట్టాను. మింగలేదు.

ఏ బాధా లేకుండా పోయాడని అందరూ నన్ను మెచ్చుకుంటున్నారు. నిజమే కావచ్చు. కానీ నన్ను నమ్మి వచ్చాడు బాబాయ్.

ఇప్పుడు చిరుతకు కూడా నేర్పమంటున్నారు ఆఫీసరుగారు. ఈ పొద్దున మాంసం ముక్క పట్టుకుని బోను ముందు నిలబడ్డాను. అది ఒక్క అడుగు ముందుకు వేసింది. ముక్క పెట్టాల్సింది పోయి, "రావద్దే, నా దగ్గరికి రావద్దు" అని ఏడ్చేశాను.

నువ్వొకసారి రా బాబాయ్.

నీ పిల్ల