కడ్డీ కొసన నీళ్ళు

సోమవారం

చిట్టితల్లికి,

నేను బాగానే ఉన్నాను. పెద్ద గొట్టం పగిలి నాలుగు రోజులైంది. ఊరికి నీళ్ళు లేవు, మాకు నిద్ర లేదు. ఈ కొండల మధ్య ఫోను పలకదు. అందుకే మా లారీ డ్రైవరు చేత ఈ ఉత్తరం పంపుతున్నాను. గొట్టాల కోసం రోజూ మీ ఊరు వచ్చి వెళ్తాడు. జవాబు అతనికే ఇవ్వు.

నీకో పని. పాముచెవుల బాబాయి మీ ఊరి ఆసుపత్రిలో ఉన్నాడు. రెండో అంతస్తు, ఎనిమిదో మంచం. శుక్రవారం పొద్దున ఆపరేషను. చూడ్డానికి సాయంత్రం నాలుగు నుంచి ఐదు దాకానే వదులుతారట. నేను తప్ప ఆయనకి ఎవరూ లేరు. నేనేమో గోతిలో ఉన్నాను. నువ్వొకసారి వెళ్ళి రా. డ్రైవరు ఆయన ఇనప కడ్డీ కూడా ఇస్తాడు, అది బాబాయి చేతిలో పెట్టు. పళ్ళూ అవీ కొనొద్దు. కడ్డీ చాలు.

వేళకి తిను.

గోతిలోంచి,
నాన్న

మంగళవారం

ప్రియమైన నాన్నకు,

కడ్డీ అందింది. తలుపు వెనక నిలబెట్టాను. నా గదిలో ఉండే అమ్మాయి దాని మీద తువ్వాలు ఆరేసింది. నా అంత పొడుగున్న ఈ ఇనుముతో జబ్బు మనిషికి ఏం పనో నాకు అర్థం కాలేదు.

వెళ్ళాలనే ఉంది నాన్నా. కానీ నా రోజు విను. ఏడు నుంచి పన్నెండు దాకా క్లాసులు. ఒంటిగంట నుంచి ఐదు దాకా గ్రంథాలయంలో పుస్తకాలు సర్దే పని. ఆసుపత్రికి రెండు బస్సులు మారాలి. పైగా శుక్రవారం మధ్యాహ్నం వ్యాసాల పోటీ. అంశం ‘నీరు’. నిఘంటువులో నీళ్ళ చప్పుడుకి ఎన్ని మాటలున్నాయో చూశావా? గలగల, జలజల, బుడబుడ, సలసల. ఇరవై రెండు ఏరాను. ఒక్కొక్కటీ పైకి అనుకుంటూ నడుస్తుంటే ఎదురొచ్చేవాళ్ళు పక్కకి తప్పుకుంటున్నారు.

శనివారం నాకు ఖాళీ. అప్పటికి ఆపరేషను కూడా అయిపోతుంది. తీరిగ్గా గంటసేపు కూర్చుని బాబాయికి బోలెడు కబుర్లు చెప్తాను. సరేనా?

మాటల మూట మోస్తూ,
నీ చిట్టి

బుధవారం

చిట్టితల్లికి,

శనివారం నువ్వు ఎన్ని కబుర్లు చెప్పినా ఆయనకి వినపడవు.

నీకు పరీక్షలవీ ఉన్నాయని చెప్పలేదు. బాబాయికి కుడిచెవి పక్కన గడ్డ లేచింది. అది తీస్తే ఆ చెవి పోతుందని డాక్టరు అన్నాడట, బాబాయే చెప్పాడు. ఎడమది రోడ్డు పగలగొట్టే కంప్రెసరు చప్పుడుకి ఎప్పుడో పోయింది.

చిన్నప్పుడు నిన్ను భుజాన మోసిన బాబాయే నీకు తెలుసు. ఆయన పని నువ్వు చూడలేదు. ఇంకా తెల్లారకముందే, బళ్ళు తిరగకముందే వీధిలోకి వెళ్తాం. ఆయన కడ్డీ ఒక కొస రోడ్డు మీద ఆనించి, రెండో కొస చెవికి పెట్టి, భూమిలో గొట్టం ఎక్కడ కారుతోందో చెప్తాడు. వినేటప్పుడు పక్కన ఎవరూ ఉండకూడదు. మొదట్లో ఉండనిచ్చేవాడు, ఈ మధ్య మరీ చాదస్తం పెరిగింది. ‘పో, పార తెచ్చుకో’ అని నన్ను కూడా తరిమేస్తాడు. నేను వచ్చేసరికి సుద్దముక్కతో గీత గీసి ఉంటుంది. ఇరవై ఆరేళ్ళుగా ఆ గీత మీదే తవ్వుతున్నాను. ఒక్క గొయ్యి వట్టిపోలేదు. పాముచెవులు అన్న పేరు ఊరికే రాలేదు.

శుక్రవారం తరవాత ఆయనకి నీళ్ళ చప్పుడు ఉండదు. కడ్డీ ఏదో ఒక గొట్టానికి ఆనించుకుని చివరిసారి వింటాడని నా ఆశ. మిగిలింది గురువారం ఒక్కటే. నిన్ను బలవంతపెట్టను. నీ చదువు నీకు ముఖ్యం.

నాన్న

గురువారం

ప్రియమైన నాన్నకు,

వెళ్ళాను.

నీ ఉత్తరం మధ్యాహ్నం అందింది. గ్రంథాలయం మేడమ్ ఎవరికీ సెలవివ్వదు. నీ ఉత్తరమే ఆవిడ చేతికిచ్చాను. చదివి, మడిచి, ‘రేపు ఆరింటికొచ్చి మిగిలిన బీరువాలు సర్దు, ఇప్పుడు పరిగెత్తు’ అంది. మొదటి బస్సులో కడ్డీ ఎవరి కాలి మీదో పడింది. రెండో బస్సు కండక్టరు ఎక్కనివ్వలేదు. అందుకని నడిచాను. నడవడమేమిటి, పరిగెత్తాను. గేటు దగ్గరికి చేరేసరికి నాలుగూ నలభై.

‘ఏంటమ్మా, యుద్ధానికా?’ అన్నాడు కాపలా ఆయన.

‘డాక్టర్లు మెడలో వేసుకునేది మనుషులకి. ఇది రోడ్లకి’ అన్నాను.

ఆయన కడ్డీని ఎగాదిగా చూసి, ‘ఎవరికీ గుచ్చకు’ అని వదిలేశాడు.

బాబాయి చిక్కిపోయాడు. నన్ను చూసి, ‘నీ అయ్య రాలేక ఇనుము పంపాడా?’ అని నవ్వాడు. నేను మాట్లాడుతున్నంతసేపూ నా ముఖంలోకే చూస్తూ కూర్చున్నాడు. నాన్నా, నా మాటలు అంత శ్రద్ధగా ఇంతవరకూ ఎవరూ వినలేదు.

తరవాత లేచి, మూలనున్న గొట్టానికి కడ్డీ ఆనించాడు. ‘నువ్వు తలుపు దగ్గర నిలబడి నర్సు వస్తుందేమో చూడు’ అన్నాడు. నాకు వీపు పెట్టి గోడవైపు తిరిగాడు. ఏడుస్తున్నాడేమోనని నేనూ అటు చూడలేదు.

కాసేపటికి పిలిచాడు. ‘పైన ఎవరో కుళాయి సరిగ్గా కట్టెయ్యలేదు. కింద మెట్ల పక్కన గోడలో సూది బెజ్జమంత చిల్లుంది. చిన్న చిల్లు ఈలేస్తుందమ్మా. పెద్దది బుసకొడుతుంది. బాగా పాతది ముసలాడిలా గొణుగుతుంది. విను.’

చెవి పెట్టాను. మొదట ఏమీ లేదు. ఊపిరి బిగబట్టాను. అప్పుడు వచ్చింది. ఎక్కడో చాలా దూరాన, చాలా లోతున, ఆగకుండా వెళ్తున్న ఏదో పెద్ద ప్రాణి. దాని మీద సన్నని ఈల. రోజూ ఇంత పెద్దది కాళ్ళ కింద నడుస్తుంటే నేను దాని మీద చెప్పులేసుకుని తిరుగుతున్నానా? నా ఇరవై రెండు మాటల్లో ఒక్కటీ దానికి సరిపోలేదు.

గంట కొట్టారు. వచ్చేశాను. బాబాయి ఆఖరిసారి విన్నాడు నాన్నా. నువ్వు నిశ్చింతగా ఉండు.

నీ చిట్టి

శుక్రవారం

చిట్టితల్లికి,

గోతి గట్టు మీద కూర్చుని నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మట్టి చేతులు, కాగితం పాడైంది. శనివారం కూడా వెళ్ళు.

నాన్న

శనివారం

ప్రియమైన నాన్నకు,

ఇది కూర్చుని చదువు.

ఆపరేషను బాగా జరిగింది. తలంతా కట్టు. ఈసారి గేటు దగ్గర కాపలా ఆయన లేచి నిలబడ్డాడు. మొన్న వెళ్తూ నేను చెప్పానని మెట్ల పక్కన గోడ పగలగొట్టి చూశారట. చిల్లు సరిగ్గా అక్కడే ఉంది.

కబుర్లు చెప్పినా వినపడవని కాగితం, కలం పట్టుకెళ్ళాను. ‘ఎందుకమ్మా, నోటితో చెప్పు’ అన్నాడు బాబాయి. చెప్పాను. అన్నిటికీ జవాబిచ్చాడు. నేను బిత్తరపోయాను.

‘ఆ చెవి పోయింది నిన్న కాదు, రెండేళ్ళైంది’ అన్నాడు. ‘పెదాలు చూసి నెట్టుకొస్తున్నాను. ఇప్పుడు డాక్టరు పుణ్యమా అని నలుగురికీ చెప్పుకోవడానికి ఒక తారీఖు దొరికింది.’

‘మరి గురువారం? ఆ చిల్లు?’

‘కడ్డీ తీసుకో. రెండు చెవులూ గట్టిగా మూసుకో. కొస పళ్ళతో పట్టుకో.’

ఇనుము చల్లగా, ఉప్పగా ఉంది. గొట్టానికి ఆనించాను. నాన్నా, నీళ్ళు నా పళ్ళలోకి వచ్చాయి. దవడలోంచి పుర్రెలోకి, కళ్ళ వెనక్కి. నేనే ఒక గొట్టాన్నయ్యాను. రెండేళ్ళుగా నువ్వు తవ్విన ప్రతి గొయ్యీ ఆయన పంటితో చూపించిందే. అందుకే నిన్ను పార కోసం తరిమేవాడు.

‘నాన్నకి ఎందుకు చెప్పలేదు బాబాయ్?’ అన్నాను.

‘చెవుడని తెలిసినా వాడు నా గీత మీదే తవ్వుతాడు. అదే నా భయం. ఒక్క గొయ్యి వట్టిపోతే, నేను బాధపడతానని నాకు చెప్పకుండా పూడ్చేసే రకం మీ అయ్య. అప్పుడు నా గీత తప్పిందని నాకెలా తెలుస్తుంది?’

గంట కొట్టారు. తలుపు దాకా వచ్చాక బాబాయి వెనక్కి పిలిచి నీకొక మాట చెప్పమన్నాడు. అలాగే రాస్తున్నాను:

‘నేను మళ్ళీ పని మొదలుపెట్టిన రోజు పార ముందే తెచ్చుకోమను. ఈసారి వాణ్ణి పక్కనే ఉండనిస్తాను.’

నీళ్ళ మీద నిలబడి,
నీ చిట్టి