ముద్దాయి ‘క’ కొలతలు

గౌరవనీయులైన డిఫెన్సు వారికి,
ప్రాసిక్యూషన్ నమస్కరించి వ్రాయునది.

మన దూరవిద్య కాలేజీ వారు ‘నేర న్యాయం – తొలి పాఠాలు’ కోర్సులో మనిద్దరినీ జతచేశారు. ప్రశ్న మీకూ అందే ఉంటుంది. అయినా పద్ధతి ప్రకారం ఇక్కడ రాస్తున్నాను. ‘క’ అనే యువకుడు, ‘ఖ’ అనే పెద్దమనిషి ఇంటి ముందున్న సైకిలును అడగకుండా తీసుకుపోయాడు. మూడు రోజుల తర్వాత తానే తెచ్చి, కొత్త బెల్లు బిగించి, ఎక్కడిది అక్కడ నిలబెట్టి వెళ్ళాడు. ఇది నేరమా, కాదా? అవునని నేను వాదించాలి, కాదని మీరు వాదించాలి, అంతా ఉత్తరాల్లోనే: నావి నాలుగు, మీవి మూడు. చివర ఉత్తరాలన్నీ కట్టగట్టి పంపితే మాస్టారు చదివి మార్కులు వేస్తారు. కాబట్టి ప్రతి మాటా ఆచితూచి రాసుకుందాం.

నా వాదన ఇది. ఒకరి వస్తువును వారిని అడగకుండా తీశాడు. తిరిగి తేవడం తర్వాతి సంగతి. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అంటే చట్టం ఒప్పుకోదు.

నా గురించి ఒక్క ముక్క. నేను గోడౌను దగ్గర రాత్రి వాచ్‌మన్‌ని. ఈ కోర్సు పాసైతే కోర్టు గేటు దగ్గర పగటి డ్యూటీ ఇస్తామన్నారు. నేను ఇంటికొచ్చేసరికి మా పాప బడికి వెళ్ళిపోతుంది. సెలవు రోజున నేను పడుకుని ఉంటాను. బళ్ళో నాన్న బొమ్మ గీయమంటే దుప్పటి గీసి, దానికి రెండు కాళ్ళు పెట్టింది. అందుకని ఈసారి ఎలాగైనా గట్టెక్కాలి.

ఇట్లు,
భవదీయుడు,
ప్రాసిక్యూషన్

తా.క.: నాకిది మూడోసారి, ప్రతిసారీ ఇదే ప్రశ్న, ఇక అవకాశం లేదు. మొదటిసారి డిఫెన్సు మధ్యలో పెళ్ళి చేసుకుని ఉత్తరాలు మానేశాడు. రెండోసారి డిఫెన్సు నా వాదన చాలా బాగుందని ఒప్పేసుకుంది. వాదనే జరగలేదని ఇద్దరినీ ఫెయిల్ చేశారు. దయచేసి మీరు ఒప్పుకోకండి.

*

చిరంజీవి ప్రాసిక్యూషన్‌కి,
డిఫెన్సు అక్కయ్య ఆశీస్సులు.

ఇక్కడ నేను క్షేమం, మా ఆయన క్షేమం, కుట్టుమిషను మాత్రం మూలుగుతోంది. ‘గౌరవనీయులైన’ అని రాశావు చూడు, అది చదివి మా ఆయన “ఎవరి ఉత్తరమో మనింటికి వచ్చింది, పోస్టుమాన్‌కి ఇచ్చెయ్” అన్నారు.

నాది కోర్టు ఎదురుగా టైలరు కొట్టు. లాయర్ల నల్లకోట్ల చిరుగులు కుట్టడం, పొట్ట పెరిగినప్పుడల్లా పక్కలు వదలడం నా పని. కొలతలిస్తూ కూడా వాళ్ళు వాదించుకుంటూనే ఉంటారు. ఇన్నేళ్ళూ నోట్లో గుండుసూదులుండటం వల్ల ఒక్కదానికీ జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఈ కోర్సులో చేరాను.

ఇక కేసు. దొంగ అన్నవాడు ఎక్కడైనా సొంత డబ్బు పెట్టి బెల్లు కొంటాడా? ఇది ఎవరో కూర్చుని పుట్టించిన సంగతి కాదు తమ్ముడూ, ఎక్కడో జరిగిందే. ముందు నా క్లయింటు ఎలా ఉన్నాడో చెప్పు. ఎక్కడ ఉంచారు? వేళకి తింటున్నాడా? నేరం రుజువయ్యేదాకా ప్రతివాడూ నిర్దోషే అని రెండో పాఠంలో ఉంది. నిర్దోషి చిరిగిన చొక్కాతో జడ్జి ముందు నిలబడితే దోషిలాగే కనిపిస్తాడు. ఈ సంగతి లాయర్ల కంటే టైలర్లకి బాగా తెలుసు. అందుకని అతనికి నేనే ఒక చొక్కా కుడుతున్నాను.

ఉంటాను మరి,
డిఫెన్సు అక్కయ్య

తా.క.: (తా.క. అంటే తాజా కలం, మన క వాళ్ళ తాతగారు కాదు. మా ఆయన చెప్పారు.) ఛాతీ, భుజం, చెయ్యి పొడవు రాసి పంపు. అతని పూర్తి పేరు కూడా. ఒట్టి అక్షరంతో పిలిస్తే పిల్లవాడు నొచ్చుకుంటాడు.

*

డిఫెన్సు అక్కగారికి,
నమస్కారాలు.

మీ ఉత్తరంలో వాదన కోసం వెతికాను. చొక్కా దొరికింది.

మీకు ఒక సంగతి చెప్పాలి, మనసు కష్టపెట్టుకోకండి. క లేడు. నేను దాచి పెట్టిందేమీ లేదు. క లేడు, అంతే. ఉన్నదల్లా మనమూ, మన మార్కులూ. ఇక అతని గురించి బెంగ మానేసి వాదన మీద దృష్టి పెట్టండి. మాస్టారు ఇవన్నీ చదువుతారని మరిచిపోకండి.

ఇట్లు,
ప్రాసిక్యూషన్

తా.క.: కొలతలు ఇక అక్కర్లేదు.

*

ప్రాసిక్యూషన్‌కి,
(చిరంజీవి అని రాయడానికి ఈసారి చెయ్యి రాలేదు)

‘కొలతలు ఇక అక్కర్లేదు’ అన్న ముక్క దగ్గర నా చేతిలో కత్తెర కిందపడిపోయింది. నిండా మీసం కూడా వచ్చి ఉండదు. తీసింది తనే తెచ్చిపెట్టిన పిల్లవాడు. అలాంటివాడు పోతే ఇంత పొడిగా రాస్తావా? పైగా ఉన్నదల్లా మన మార్కులు అంటావా? నీది మనసా, గోడౌను తాళమా?

ఆ పూట కొట్టు మూసేశాను. కోట్ల కోసం వచ్చిన లాయర్లు ఎవరు పోయారని అడిగారు. నా క్లయింటు అన్నాను. తీర్పు రాకముందేనా అన్నారు. అవునన్నాను. ఎవరి ఆధీనంలో ఉండగా అన్నారు. ప్రాసిక్యూషన్ అన్నాను. అంతే, అందరూ ఒక్కసారిగా లేచారు. ఒక పెద్ద లాయరుగారు మా కటింగు బల్ల మీదే కూర్చుని, కళ్ళు తుడుచుకుంటూ పిటిషన్ రాశారు. తలా ఒక సంతకం పెట్టి కాలేజీ ప్రిన్సిపాల్‌కి పంపాం.

నేను కోపంలో ఉన్నాను కాబట్టి ఇక్కడితో ఆపుతున్నాను.

డిఫెన్సు

తా.క.: ఉజ్జాయింపుగా గుడ్డ కోసేశాను. నీలం చారలది. ఇప్పుడు దాన్నేం చెయ్యను? మా ఆయనకి పట్టదు. పైగా ఆయన నిర్దోషి కూడా కాదు.

*

అక్కగారికి,
రెండు చేతులూ జోడించి వ్రాయునది.

ప్రిన్సిపాల్‌గారి నుంచి నాకు మెమో వచ్చింది. ‘మీ ఆధీనంలో ఉన్న ముద్దాయి మృతిపై వెంటనే సంజాయిషీ ఇవ్వగలరు. లేనిచో ఫలితం నిలిపివేయబడును.’ నా ఆధీనంలో ఇంతవరకూ ఒక తాళాల గుత్తి, ఒక టార్చిలైటు తప్ప ఏమీ లేవు. మా ఆవిడ మెమో రెండుసార్లు చదివి, “ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటే ఏమిటో అనుకున్నాను. నువ్వు ఆ సోమలింగాన్ని చంపి జైలుకి కూడా పోయేట్టున్నావు” అంది.

అక్కగారూ, నేను ఏం రాస్తే మీకు ఏం అర్థమవుతుందో తెలియడం లేదు. అందుకని వివరాల్లోకి పోకుండా ఒక్క మాట చెబుతున్నాను. క బతికే ఉన్నాడు. ఆరోగ్యంగా ఉన్నాడు. భోజనం కూడా చేశాడు.

ఇక వాదన. క కోసం కొట్టు మూశారు, బాగానే ఉంది. ఖ గురించి ఒక్క ముక్క రాయలేదేం? పొద్దున లేచి తలుపు తీస్తే సైకిలు లేదు. పెద్దవాడు, మూడు రోజులు పనికి నడిచి వెళ్ళాడు. దారిలో ఎదురైన ప్రతివాణ్ణీ వీడేనా అన్నట్టు చూసి ఉంటాడు. నేను కాపలావాణ్ణి, వస్తువు పోగొట్టుకున్నవాళ్ళ మొహాలు నాకు తెలుసు. సైకిలైతే తిరిగొచ్చింది. ఆ మూడు రోజుల్ని ఎవరు తెచ్చిస్తారు?

మీరు దీనికి గట్టిగా జవాబు చెప్పాలి. మీ జవాబు మీదే నా పగటి డ్యూటీ ఉంది.

ఇట్లు,
మీ తమ్ముడు,
ప్రాసిక్యూషన్

తా.క.: భోజనం చేశాడని రాశాను కదా అని ఏం తిన్నాడని అడగకండి.

*

నూరేళ్ళు చల్లగా ఉండాల్సిన మా తమ్ముడు ప్రాసిక్యూషన్‌కి,
అక్కయ్య ఆశీస్సులు.

బతికే ఉన్నాడన్న మాట చదివి నా ప్రాణం లేచొచ్చింది. కొట్టు తెరిచాను. లాయర్లకి చెబితే సంతోషించారు గానీ కొంచెం నిరుత్సాహపడ్డారు కూడా. పిటిషన్ చాలా బాగా కుదిరిందట.

నీ మీద కోప్పడ్డాను, మనసులో పెట్టుకోకు. ఖ గురించి నువ్వు రాసింది మా ఆయనకి చదివి వినిపించాను. ఆయన “ముసలాయన మోకాళ్ళు ఏమైపోయుంటాయో” అన్నారు. నిజమే తమ్ముడూ. నేను బెల్లు చూశాను గానీ ఆ కాళ్ళు చూడలేదు. గట్టిగా జవాబు చెప్పమన్నావు, వెతికితే నా దగ్గర లేదు. గెలవడానికి అబద్ధం చెప్పలేను. నా క్లయింటు తప్పు చేశాడు. నేను ఒప్పుకుంటున్నాను.

ప్రేమతో,
డిఫెన్సు అక్కయ్య

తా.క.: ఏం తిన్నాడని అడగొద్దన్నావు, సరే అడగను. ఎంత తిన్నాడు?

*

అక్కా,

ఒప్పుకోకండని మొదటి ఉత్తరంలోనే రాశాను. ఒప్పుకున్నారు. కొంప మునిగింది. ఇక నాకు మిగిలింది ఈ ఒక్క ఉత్తరమే, దీని తర్వాత కట్ట మాస్టారికి వెళ్ళిపోతుంది. మిమ్మల్ని నాలుగు మాటలు అందామనే కలం తీశాను. మా ఆవిడ పక్కనే కూర్చుని, “అయితే ఆ అబ్బాయి తరఫున ఇప్పుడు ఎవరూ లేరా?” అంది. తిట్లన్నీ పక్కన పెట్టాను.

ఎవరూ లేకపోతే ఎలా? సరే, నేనే మాట్లాడతాను.

క నేరం చేశాడు. ఆ మాట నేను వెనక్కి తీసుకోను. కానీ కాపలావాడిగా నాకు తెలిసింది చెబుతాను. వస్తువు తీసేటప్పుడు ఎవరూ కాపు కాయరు. పోయాక ఇంటిల్లిపాదీ, వీధి వీధంతా కాస్తారు. కాబట్టి తీసుకుపోవడం కంటే తిరిగి తేవడానికే గుండె ఎక్కువ కావాలి. చూస్తే తంతారని తెలిసే వచ్చాడు. వచ్చి, సైకిలు నిలబెట్టి వెళ్ళాడు. జైలు అతని చేత ఇంతకంటే ఏం చేయిస్తుంది? ప్రాసిక్యూషన్ ఈ కేసును ఉపసంహరించుకుంటోంది.

నాయనా క, నువ్వు చేసింది తప్పు. ఇక ఇంటికి పో. ఖ గారికి నేను సర్దిచెబుతాను.

పగటి డ్యూటీ పోయినట్టే. బాధగానే ఉంది అక్కా, దాచను. ఇలా రాసినందుకు మాత్రం బాధ లేదు.

ఇట్లు,
తమ్ముడు

తా.క.: చొక్కా పూర్తిచెయ్యండి. ఛాతీ ముప్ఫై ఆరు పెట్టండి. సన్నగా ఉంటాడు.

*

కోర్టు గేటు పగటి డ్యూటీ తమ్ముడికి,
డిఫెన్సు అక్కయ్య దీవెనలు.

సరిగ్గానే చదివావు. నీ ఫలితం కాగితం ఇందులోనే పెట్టాను. మీ ఆవిడని, పాపని పిలిచి కూర్చోబెట్టుకుని మిగతాది చదువు.

నిన్న మధ్యాహ్నం మా కొట్టుకి ఒక పెద్దాయన వచ్చారు. చంకలో మన ఉత్తరాల కట్ట ఉంది. గుమ్మంలోనే నిలబడి, “ఇక్కడ నాకో చొక్కా కుడుతున్నారట” అన్నారు.

“మీరెవరండీ?” అన్నాను.

“క” అన్నారు.

మన మాస్టారే తమ్ముడూ! నోట్లో గుండుసూదులున్నాయి కాబట్టి సరిపోయింది, లేకపోతే కేకపెట్టేదాన్ని. ఆ మూడు రోజులూ ఆయనకి కాలేజీలో చేరే పరీక్షలట. నడిస్తే అందుకోలేరు, అడిగితే ఇవ్వరని భయం. దారిలో పడి బెల్లు విరగ్గొట్టారట. సైకిలు ఎవరు తీశారో ఖ గారికి తెలుసట, అయినా పల్లెత్తు మాట అనలేదట. కేసు లేదు, తిట్టు లేదు, పోనీలే అన్న మాటా లేదు. “రెండు తన్ని వదిలేసినా బాగుండేదమ్మా” అన్నారు మాస్టారు. ఇప్పుడు ఖ గారు లేరు. లేరంటే నిజంగానే లేరట, రెండుసార్లు అడిగి కనుక్కున్నాను.

కేసే లేకపోతే తీర్పెక్కడిది? అందుకని ఉద్యోగంలో చేరినప్పట్నుంచీ ఏటా ఇదే ప్రశ్న ఇస్తున్నారట. గుమ్మడికాయల దొంగెవరని తానే అడగడం, తన భుజాలు తానే తడుముకోవడం! నేరమని వాదించాల్సినవాళ్ళు నేరమన్నారు, కాదని వాదించాల్సినవాళ్ళు కాదన్నారు, అందరూ మార్కుల కోసమే. చేసింది తప్పు, ఇక ఇంటికి పో అని రెండు మాటలూ కలిపి చెప్పినవాడివి నువ్వొక్కడివేనట. అది చెబుతూ ఆయన ఏడ్చారు. నేనూ ఏడ్చాను. మా ఆయన టీ తెస్తానని బయటికి వెళ్ళి అక్కడ ఏడ్చారు.

ఇక మార్కులు. ముద్దాయి తన ప్రాసిక్యూటరుకి మార్కులు వెయ్యకూడదని మాస్టారు మన కట్టని ఇంకో లెక్చరరమ్మకి ఇచ్చేశారు. ఆవిడకి ఈ కథేమీ తెలియదు. ఆవిడ రాసింది ఇదీ: ‘ఇరుపక్షాలు పక్షాలు మార్చుకున్నవి. వాదన ఆగలేదు. చొక్కా అప్రస్తుతం. ఇద్దరూ ఉత్తీర్ణులు.’ ఆ ఫలితాల కాగితాలూ, వెనక్కి వచ్చిన కట్టా తీసుకునే మాస్టారు మా కొట్టుకి వచ్చారు. నీ మెమో కూడా కొట్టేశారు. ‘నేను బతికే ఉన్నాను’ అని ముద్దాయే స్వయంగా ప్రిన్సిపాల్‌గారికి రాసిచ్చారు మరి!

చొక్కా నువ్వు చెప్పిన కొలతకే కుట్టాను. ఆయనకి పట్టలేదు, కుర్రవాడి కొలత కదా. అప్పటికప్పుడు పక్కలు వదిలి, గుండీలు జరిపి తొడిగించాను. అద్దంలో చాలాసేపు చూసుకున్నారు. తమ్ముడూ, ఇన్నేళ్ళుగా ఎంతమంది లాయర్లకి కుట్టానో, ఒక్క మనిషిని విడిపించడం ఇలా ఉంటుందని నాకు తెలియదు. నీ పుణ్యమా అని తెలిసింది. నా కడుపు నిండిపోయింది.

సంతోషంతో,
అక్కయ్య

తా.క.: ఒక నేరం నీ దృష్టికి తేవాలి. మాస్టారు వెళ్తూ వెళ్తూ, ఫైలులో ఉండాల్సిన నీ చివరి ఉత్తరాన్ని మెల్లగా మడిచి జేబులో పెట్టుకున్నారు. అది కాలేజీ సొత్తు. ఎవర్నీ అడగలేదు. నేనూ మా ఆయనా కళ్ళారా చూశాం. ఈసారి తిరిగి తెచ్చే ఉద్దేశం ఉన్నట్టు కూడా లేదు. కేసు పెడతావా?