రెండిళ్ళ మధ్య కొరియా వాకిలి

రవీ,

నువ్వు వెళ్ళి మూడు నెలలు దాటింది. నేనింకా అమెరికాలోనే, రెడ్‌మండ్‌లో మీ ఇంట్లోనే ఉన్నాను.

ఆ శనివారం పొద్దుటే గుర్తొస్తోందిరా. సన్నగా తుంపర. నేను దీపం పెట్టి లేచేసరికి కాఫీ గ్లాసుతో పెరటి తలుపు దగ్గర నిలబడ్డావు. "అక్కా, నీ దేవుడితో చెప్పి ఈ వాన ఒక్క గంట ఆపించవే. వాకిలికి పెంకు నేయాలి" అన్నావు.

మీ ఇంటికీ పక్కింటి పార్క్ గారింటికీ నడుమ ఉన్న ఇరుకు సందులో, కొరియాలో ఆయన పుట్టిన ఇంటికున్నట్టే ఒక వాకిలి కట్టారు మీరిద్దరూ. రెండు చెక్క తలుపులు, పైన నల్ల పెంకుల చిన్న కప్పు, కింద ఎత్తైన గడప. నేను దాటబోతే నుదురు కప్పుకి కొట్టుకుంది. "కాలెత్తాలి, తల వంచాలి. హెడ్‌మిస్ట్రెస్‌లా నిటారుగా వస్తే ఇంతే!" అని నవ్వావు.

గొళ్ళెం ఎటువైపు పెట్టాలని ఆయన అడిగారట. "ఎటూ వద్దన్నానక్కా. రెండిళ్ళ మధ్య లోపలెటో బయటెటో తేలితే కదా!" అన్నావు.

అప్పుడు నవ్వాను. ఇప్పుడు నాకూ తేలడం లేదు...

నువ్వు పోయాక పార్క్ గారు రోజూ మన వైపు గడప దగ్గర పళ్ళెంలో పియర్ పళ్ళు పెట్టి, వంగి దణ్ణం పెట్టి వెళ్ళేవారు. మాకా? నీకా? నీకు పెట్టినవైతే మేం తినకూడదు కదా. నీ భార్య స్వాతి వాటిని అలాగే వదిలేసింది. కాకి కూడా ముట్టలేదు. నీకేం కోపం? ఏడాది తిరిగేదాకా స్వాతి ఒకరి గుమ్మంలోకి వెళ్ళకూడదు. నేను వెళ్ళి ఏమని అడగను?

కొన్నాళ్ళకి పళ్ళెం రావడం ఆగింది. తలుపులు మూసుకున్నాయి. ఆయన మూశారా, గాలికి పడ్డాయా?

నిన్న స్వాతి, వంటింటి కిటికీలోంచి దాన్ని చూడలేకపోతున్నానంది. పార్క్ గారి మనసు కూడా విరిగింది, తీయించేసి మామూలు ఫెన్స్ వేయిద్దామంది. జపానికి కూర్చుంటే నామాలు వరస తప్పాయి. నువ్వు చేత్తో కట్టింది... తీయమనాలా, ఉంచమనాలా?

ఇవాళ మీ అమ్మాయి నిత్య స్కూల్ నుంచి వచ్చి, ఎవరినీ అడగకుండా వెళ్ళి తలుపు తోసింది. అటు పార్క్ గారు మెట్టు మీద కూర్చుని ఉన్నారట. మేమే మూసుకున్నామనుకున్నారట. పళ్ళు ముందు నీకు, తరవాత మాకట. పోయినవాళ్ళకి పెట్టింది ఇంట్లోవాళ్ళు పంచుకు తినడం వాళ్ళ పద్ధతట. మేం ముట్టకపోతే, ఆయన పెట్టడం మాకు ఇష్టం లేదనుకున్నారట.

స్వాతి చాలాసేపు ఏడ్చింది.

సాయంత్రం ముగ్గురం కూర్చుని అనుకున్నాం. వాకిలి తీయించం. గొళ్ళెం ఎటూ పెట్టించం. స్వాతి అటు వెళ్ళకూడదు కాబట్టి పార్క్ గారినే ఇటు రమ్మంటాం. పళ్ళు స్వాతి కోస్తుంది. పొద్దున వెళ్ళి పిలవాల్సింది నేను.

ఆ గడప దాటితే నీ వైపుకి వస్తున్నట్టా, నీ దగ్గర్నుంచి వెళ్తున్నట్టా... అది మాత్రం తెలియడం లేదు.

రేపు తల వంచే దాటుతాలేరా.

అక్క