యాంప్లిఫయర్‌లోంచి తీసిన ముక్క

నోలన్ అన్నయ్యా,

ఫోన్లో చెబితే మధ్యలోనే అందుకుంటావు కాబట్టి రాస్తున్నాను. శనివారం లోపలే జవాబు కావాలి.

ఆ పాత యాంప్లిఫయర్ కొన్నప్పటినుంచీ నీది ఒకటే మాట: "లోపల ఎవరూ చెయ్యి పెట్టలేదే చెల్లీ, అందుకే ఆ నాదం. ఒక్క టంకం కరిగించినా పోతుంది." సరే అన్నాను. కానీ నా గిటార్ కూడా దానికే తగిలించుకుని పాడతాను కదా. పెదవి మైకుకు తగిలితే చాలు, షాక్ కొడుతోంది. ప్లగ్ తిప్పి పెట్టమంటావు. మనం వాయించే ఒక డాన్సు హాల్లో ఊరుకుంటుంది, ఇంకో హాల్లో మళ్లీ కొడుతుంది. యూనిస్ ఊళ్లో వాయించిన రోజు పళ్లు జివ్వుమన్నాయి. "దయ్యం పట్టినట్టు వెనక్కి జరుగుతావేం?" అని అందరి ముందూ కసిరావు.

అందుకే నీకు చెప్పకుండా, రేడియోలు బాగుచేసే ఇర్మా అత్త దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ లోపలినుంచి ఒక కెపాసిటర్ తీసేసి, "ఇదే రేకు పెట్టెలోకి, అక్కణ్నుంచి నీ గిటార్ తీగల్లోకి కరెంటు వదులుతోంది. మూడు కాళ్ల ప్లగ్ కూడా వేయించుకోండర్రా, లేకపోతే మీలో ఒకరిని నలుగురు మొయ్యాల్సొస్తుంది," అంది. ప్లగ్ బయటికి కనిపిస్తుంది కాబట్టి నిన్ను అడుగుతున్నాను. ఒప్పుకో.

తీసిన ముక్క ఈ కవర్లోనే ఉంది. కోపం తెచ్చుకునే ముందు పోయిన శనివారం గుర్తు చేసుకో. డాన్సుకు వచ్చినవాళ్లను పిలిచి మరీ, "విన్నారా, ఎవరూ చెయ్యి పెట్టని యాంప్లిఫయర్ అంటే ఇదీ," అన్నావు. అప్పటికే ఇది నా పర్సులో ఉంది.

ఆ రోజే నేను మొదటిసారి పెదవులు మైకుకు ఆనించి పాడాను. అది మాత్రం నీ చెవిన పడలేదు.

నీ చెల్లెలు