శనివారం టికెట్టు

తనియేలూ, రేపు తెల్లవారుజామున ఆరింటి విమానం ఎక్కు. నీ టికెట్టు మార్చాను. ఈ రాత్రికి ఒక్క సీటే దొరికింది, నేను వెళ్తున్నాను. ఎన్నిసార్లు చేసినా ఫోను ఎత్తవు.

"పాగో పాగో నుంచి ఆపియాకి నూట ముప్పై కిలోమీటర్లు. అరగంటే కదక్కా, శనివారం పొద్దున్నే పోదాంలే" అన్నావు. మధ్య సముద్రంలో తేదీ మారే గీత ఉంది, ఇక్కడ శనివారం ఎక్కితే అక్కడ దిగేది ఆదివారం. నాన్నను పూడ్చేది అక్కడి శనివారం పొద్దున, అంటే మనకు రేపే. పండగలకు పోయేటప్పుడు ఏనాడూ తేదీ తప్పని వాడివి, నాన్నను సాగనంపడానికే తప్పావు.

నాన్న మీద కప్పే చాపలు నా దగ్గరున్నాయి. నీ తెల్ల చొక్కా తలుపుకు తగిలించాను.

పెలెనీసె

నువ్వు వచ్చేదాకా పెట్టె మూయనివ్వను. టికెట్టు సంగతి అమ్మకు చెప్పను.